పాత పికప్ ఇంజన్ వేడెక్కుతోందా? పార్టులు కొనే ముందు ఈ వరుసలో చూడండి

"బండి హీటెక్కుతోంది. థర్మోస్టాట్ మార్చాను, తర్వాత రేడియేటర్ కూడా మార్చాను. అయినా తగ్గలేదు. ఇంకేం మార్చమంటారు?" పాత పికప్ ఉన్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. నేను తిరిగి అడిగేదీ ఒక్కటే: "ఎప్పుడు వేడెక్కుతోంది? ఆగి ఉన్నప్పుడా, పరిగెత్తేటప్పుడా?" చాలామంది దీనికి జవాబు చెప్పలేరు. చెప్పగలిగినవాళ్లకి సగం పని అయిపోయినట్టే.

ఇంజన్ వేడెక్కడానికి కారణాలు పది పదిహేను దాకా ఉంటాయి. కానీ అవన్నీ ఒకేలా బయటపడవు. ఫ్యాన్ పాడైతే ఒక రకంగా, రేడియేటర్ పూడిపోతే ఇంకో రకంగా తెలుస్తుంది. ఆ తేడా పట్టుకుంటే అనవసరమైన ఖర్చు తప్పుతుంది. కింద చెప్పిన వరుస కూడా అందుకే: పైసా ఖర్చు లేనివి ముందు, ఇంజన్ విప్పాల్సినవి చివర. మధ్యలో ఏదైనా దొరికితే అక్కడ ఆగి అది బాగు చేసి, మళ్లీ పరీక్షించండి.

ఇందులో డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే.

ముందు జాగ్రత్తలు, వీటిని దాటేయకండి

వేడిగా ఉన్న ఇంజన్ మీద రేడియేటర్ మూత తీయొద్దు. సగం కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం), సగం నీళ్లు కలిపిన మిశ్రమం 15 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) మూత కింద దాదాపు 129 డిగ్రీల దాకా మరగకుండా ఉంటుంది. మూత తిప్పగానే ఆ ఒత్తిడి పోతుంది, లోపలున్నదంతా ఒక్కసారిగా మరిగి మీ ముఖం మీదికి చిమ్ముతుంది. గుడ్డ అడ్డం పెట్టుకుంటే చాలనుకోవడం పెద్ద పొరపాటు. రేడియేటర్ పైభాగానికి తగిలించి ఉండే రబ్బరు గొట్టాన్ని (పై హోస్) చేత్తో పట్టుకోగలగాలి, నొక్కితే మెత్తగా లొంగాలి. మూత మీద చెయ్యి వేయడం ఆ తర్వాతే.

వేడి ఇంజన్ మీద చన్నీళ్లు పోయొద్దు, లోపలా పోయొద్దు. సిలిండర్ హెడ్ గానీ బ్లాక్ గానీ పగలొచ్చు. అప్పటిదాకా చిన్న లీకుగా ఉన్నది ఇంజన్ ఖర్చుగా మారేది ఇక్కడే.

ఇంజన్ నడుస్తూ ఉండగా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. వదులు చేతులున్న చొక్కా, మెడలో కండువా, విరబోసుకున్న జుట్టు ఫ్యాన్ దగ్గరికి రాకూడదు. ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉన్న బండ్లలో తాళం తీసేశాక కూడా అది ఉన్నట్టుండి తిరగొచ్చు, కాబట్టి చెయ్యి పెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. పొగ పోయే దారి లేని షెడ్డులో ఇంజన్ నడపొద్దు. కింద కారిన కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలూ పిల్లులూ నాకుతాయి. అది వాటికి విషం, పిల్లలకి కూడా. వెంటనే కడిగేయండి.

దారి మధ్యలో వేడి చూపించే మీటరు ముల్లు ఎర్ర గీత వైపు పోతుంటే: ఏసీ ఆపండి, క్యాబిన్ హీటర్ వేడి వైపు పూర్తిగా తిప్పి బ్లోయర్ గట్టిగా పెట్టండి, పక్కకు ఆపడానికి చోటు చూసుకోండి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, కొంత వేడి లాగేస్తుంది. ముల్లు ఎర్ర గీతను తాకితే మాత్రం ఇంకొక్క కిలోమీటరు అనుకోకండి. ఆపేయండి. ఇంకొకటి గుర్తుంచుకోండి: ఎక్కువగా ఉన్న ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే తగ్గిందని సంతోషపడొద్దు. కూలెంట్ మొత్తం కారిపోయి, సెన్సర్ చుట్టూ నీళ్లు లేకపోయినా అలాగే పడిపోతుంది.

కావలసినవి

- టార్చ్ లైటు, గట్టి గ్లోవ్స్, కళ్లద్దాలు
- స్క్రూడ్రైవర్లు, స్పానర్ల సెట్టు, కూలెంట్ పట్టడానికి వెడల్పాటి తొట్టి
- ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ (గన్ను ఆకారంలో, దూరం నుంచి వేడి చూపించేది). ఒక్కటే కొనగలిగితే ఇదే కొనండి
- మల్టీమీటర్ లేదా టెస్ట్ ల్యాంపు
- రేడియేటర్ ప్రెషర్ టెస్టర్. కొనక్కర్లేదు, ఎవరి దగ్గరైనా ఒక పూటకి తెచ్చుకున్నా చాలు
- నీళ్ల వేడి కొలిచే థర్మామీటర్, ఇక వంటకి వాడని గిన్నె ఒకటి
- మీ బండికి సరిపోయే కూలెంట్, డిస్టిల్డ్ వాటర్
- ఒక నోటుపుస్తకం

1. ఎప్పుడు వేడెక్కుతోందో రాసుకోండి

రెండు రోజులు బండి వాడుతూ గమనించండి (ఎర్ర గీత దాకా పోనివ్వకుండా). స్టార్ట్ చేసిన ఎన్ని నిమిషాలకి ముల్లు లేచింది, ఆగి ఉన్నారా, వేగంలో ఉన్నారా, ఎత్తు ఎక్కుతున్నారా, ఏసీ ఉందా, వెనక లోడు ఉందా, ఇవన్నీ రాయండి.

ఆగినప్పుడు పెరిగి, బండి కదలగానే తగ్గిపోతే గాలి ఆడటం లేదని అర్థం. ఫ్యాన్, ఫ్యాన్ క్లచ్ (వేడిని బట్టి ఫ్యాన్‌ని పట్టి తిప్పే భాగం), ష్రౌడ్ (ఫ్యాన్ చుట్టూ ఉండే గూడు) చూడాలి. 5వ మెట్టుకి వెళ్లండి.

ఆగినప్పుడు బాగానే ఉండి, వేగంలోనో ఎత్తులోనో లోడుతోనో పెరిగితే ఫ్యాన్ మీద అనుమానం వద్దు. బండి వేగంగా పోయేటప్పుడు గాలి దానంతటదే కొడుతుంది. అక్కడ తక్కువైంది నీళ్ల ప్రవాహమో, రేడియేటర్ సత్తువో. 6, 8 మెట్లు మీవి.

చల్లగా ఉన్న ఇంజన్ స్టార్ట్ చేసిన ఐదు పది నిమిషాల్లోనే ఎర్ర గీతకి పోతే కూలెంట్ తక్కువ ఉండాలి, లేదా థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కాక తెరుచుకుని కూలెంట్‌ని రేడియేటర్‌లోకి వదిలే వాల్వు) మూసుకుపోయి ఉండాలి, లేదా హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్‌కీ బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పోయి ఉండాలి. మూడింటిలో మొదటిది ముందు చూడండి.

ముల్లు పైకీ కిందికీ ఊగుతుంటే, దాంతోపాటు హీటర్ గాలి ఒకసారి వేడిగా ఒకసారి చల్లగా వస్తుంటే లోపల గాలి చిక్కుకుంది, లేదా కూలెంట్ తగ్గింది.

2. నిజంగానే వేడెక్కుతోందా?

పాత బండి మీటరు చెప్పిందల్లా నమ్మకండి. ముల్లు ఎర్ర గీత దగ్గరుంది, కానీ బోనెట్ ఎత్తితే ఆవిరి లేదు, వాసన లేదు, ఇంజన్ మామూలుగా ఉంది. ఇలాంటి బండ్లు చాలా చూశాను. సెన్సర్ చెడిపోయి ఉంటుంది, లేదా ఇంజన్‌కి బాడీకి మధ్య ఎర్త్ తీగ తుప్పు పట్టి ఉంటుంది. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసినప్పుడల్లా ముల్లు కదిలితే ముందు ఎర్త్ తీగే చూడండి.

ఇంజన్ బాగా వేడయ్యాక థర్మోస్టాట్ ఉండే గూడు మీద, పై హోస్ మొదట్లో ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టండి. చాలా ఇంజన్లకి 85 నుంచి 100 మధ్య మామూలే. ఒక జాగ్రత్త: మెరిసే అల్యూమినియం మీద ఈ థర్మామీటర్ తక్కువ చూపిస్తుంది. కొలిచే చోట ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే కాస్త నల్ల టేపు అంటించి, దాని మీద కొలవండి. మీటరు ఎర్ర గీత చూపిస్తుంటే ఇక్కడ 90 వస్తే, మీ ఇబ్బంది వైరింగులో ఉంది, ఇంజన్‌లో కాదు.

3. కూలెంట్ ఎంత ఉంది, ఎలా ఉంది

రాత్రంతా చల్లారిన ఇంజన్ మీద, పొద్దున్నే చూడండి. పక్కనుండే ప్లాస్టిక్ డబ్బాలో మట్టం చూసి వదిలేయడం అందరూ చేసే తప్పు. డబ్బా నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీగా ఉండటం మామూలు విషయం. మూత చెడిపోతే డబ్బాలోని నీళ్లు రేడియేటర్‌లోకి తిరిగి రావు. అందుకని రేడియేటర్ మూత తీసే చూడండి. నీళ్లు మెడ దాకా కనపడాలి.

టార్చ్ వేసి రంగు చూడండి, వేలు ముంచి చూడండి. తుప్పు రంగులో, వేళ్ల మధ్య రాస్తే ఇసుకలా తగిలితే లోపలి దారులు పూడుకుంటున్నాయి. పైన నూనె తెట్టు కట్టి ఉంటే హెడ్ గ్యాస్కెట్ గానీ ఆయిల్ కూలర్ గానీ అనుమానించాలి. ఆటోమేటిక్ గేరు బండిలో గులాబీ రంగు మీగడలా కనిపిస్తే రేడియేటర్ లోపలుండే గేరు ఆయిల్ కూలర్ పగిలింది. ఆ బండిని కదిలించకండి, గేర్‌బాక్స్ కూడా పోతుంది.

తక్కువ ఉంటే పోయండి, కానీ అక్కడితో వదలొద్దు. ఇది మూసి ఉండే వ్యవస్థ, నీళ్లు ఊరికే తగ్గవు. ఎక్కడికి పోయాయో తేలాలి.

4. లీకు, మూత

కారే చోట ప్రతిసారీ తడి దొరకదు. వేడికి నీళ్లు ఆరిపోయి తెల్లగానో పచ్చగానో పొట్టు మిగులుతుంది. హోసుల క్లిప్పుల కింద, రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంకి కలిసే అంచున, ఇంజన్ పక్కన ఉండే ఫ్రీజ్ ప్లగ్గుల (బ్లాక్ బెజ్జాలకి బిగించిన గుండ్రటి రేకు మూతల) చుట్టూ ఆ పొట్టు కోసం వెతకండి. వాటర్ పంపు కింద చిన్న బెజ్జం ఒకటి ఉంటుంది. పంపు లోపలి సీలు అరిగితే నీళ్లు బేరింగులోకి పోకుండా బయటికి రావాలనే దాన్ని పెట్టారు. నేను దాని కింద వేలు పెట్టి రాసి చూస్తాను. పొడి మరక అంటితే చాలు, పంపు రోజులు దగ్గరపడ్డాయి. కారడం కళ్లారా చూసేదాకా ఆగక్కర్లేదు.

ఇలా దొరక్కపోతే ప్రెషర్ టెస్టర్ తగిలించండి. ఇంజన్ చల్లగా ఉండాలి. మీ రేడియేటర్ మూత మీద రాసి ఉన్న అంకె దాకా మాత్రమే పంపు కొట్టండి, దాటితే మంచి హోసు కూడా చిట్లుతుంది. మూత మీద 0.9 లేదా 1.1 అని ఉంటే అది బార్‌లలో, అంటే సుమారు 13, 16 పీఎస్ఐ. పదిహేను నిమిషాలు వదిలేయండి. టెస్టర్ ముల్లు నిలబడితే లీకు లేదు. పడిపోతూ ఉంటే ఎక్కడో కారుతోంది, చెవి దగ్గర పెట్టి వినండి, టార్చ్ వేసి చూడండి. బయట ఎక్కడా కనపడకపోతే రెండు చోట్లు మిగులుతాయి: హీటర్ (డ్యాష్‌బోర్డు కింద కార్పెట్ తడిగా, అద్దం మీద జిడ్డు ఆవిరిగా కనిపిస్తుంది), లేదా సిలిండర్ లోపలికే పోతోంది (9వ మెట్టు).

మూతని కూడా అదే టెస్టర్‌తో, దాని అడాప్టర్ పెట్టి పరీక్షించండి. అంకెకి ముందే గాలి వదిలేస్తే మార్చేయండి. టెస్టర్ లేకపోతే కింది రబ్బరు చూడండి, పగుళ్లూ గట్టిపడటం ఉంటే అది పోయినట్టే. ఇంజన్ చల్లారాక పై హోస్ లోపలికి నొక్కుకుపోయి చప్పిడిగా కనిపిస్తే మూతలోని చిన్న వాల్వు వెనక్కి తెరుచుకోవడం లేదు, లేదా డబ్బాకి పోయే సన్న గొట్టం మూసుకుంది. మొత్తం బండిలో అతి చౌకైన పార్టు మూత. అయినా అందరూ చివర్లోనే చూస్తారు.

లీకు మూసే పౌడర్లు, ద్రవాలు పోయమని ఎవరైనా చెబితే, ఎటూ కదలలేని దారిలో తప్ప వద్దంటాను. అవి లీకునే కాదు, హీటర్ సన్న గొట్టాలనీ పాత రేడియేటర్ దారులనీ కూడా మూస్తాయి.

5. బెల్టు, ఫ్యాన్, ష్రౌడ్

బెల్టు వదులుగా ఉంటే వాటర్ పంపూ ఫ్యానూ రెండూ జారతాయి. పగుళ్లు, అద్దంలా మెరిసే పక్కలు, నూనె మరకలు చూడండి. సరిపడా బిగువు ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది.

పాత పికప్‌లలో ఎక్కువగా బెల్టుతో తిరిగే ఫ్యాను, దాని మధ్యలో సిలికాన్ ద్రవం నిండిన క్లచ్ ఉంటాయి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు ఆపేసి, తాళం జేబులో వేసుకుని, ఫ్యాన్‌ని చేత్తో తోయండి. బిగువుగా, వెంటనే ఆగాలి. సైకిల్ చక్రంలా స్వేచ్ఛగా తిరుగుతూ పోతే క్లచ్ పోయింది. మధ్య నుంచి రెక్కల వైపు నల్లటి నూనె చారలు ఉన్నా, రెక్క పట్టుకుని ముందుకీ వెనక్కీ ఆడిస్తే కదిలినా అదే మాట. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక నిమిషం హోరుమని, తర్వాత తగ్గడం మంచి లక్షణమే. బాగా వేడెక్కాక ఆ హోరు మళ్లీ రావాలి. రాకపోతే అనుమానించండి. తిరుగుతున్న ఫ్యాన్‌లో చుట్టిన కాగితం పెట్టి ఆపి చూసే పద్ధతి ఒకటి కొందరు చెబుతారు. అది చేయకండి, వేళ్లు పోతాయి.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ అయితే ఏసీ వేయండి, చాలా బండ్లలో వెంటనే తిరుగుతుంది. తిరగకపోతే ఫ్యూజు, రిలే, ఆ తర్వాత మోటారు దగ్గరికి కరెంటు వస్తోందా అనేది టెస్ట్ ల్యాంపుతో చూడండి. ఏసీకి తిరిగి, వేడికి తిరగకపోతే టెంపరేచర్ స్విచ్ లేదా సెన్సర్ మీద అనుమానం. మోటారు ఈమధ్య మార్చి ఉంటే ఇంకొకటి: బండి ముందుండే జాలీ (గ్రిల్) దగ్గర ఒక కాగితం పట్టుకోండి, అది జాలీకి అతుక్కోవాలి. బయటికి ఎగిరితే తీగలు తారుమారయ్యాయి, ఫ్యాన్ వెనక్కి తిరుగుతోంది.

ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ గూడే ష్రౌడ్. పాత బండ్లలో ఎవరో ఒకరు ఏదో పనికని విప్పి మళ్లీ పెట్టకుండా వదిలేస్తారు. అది లేకపోతే ఫ్యాన్ తన చుట్టూ ఉన్న గాలినే తిప్పుతుంది, రేడియేటర్ గుండా లాగదు. లేకపోతే తెచ్చి పెట్టండి.

6. రేడియేటర్: ముందు బయట, తర్వాత లోపల

ముందు నుంచి చూస్తే శుభ్రంగా కనిపిస్తుంది. కానీ మీకు కనిపించేది ఏసీ కండెన్సర్ (రేడియేటర్ లాగే ఉండే ఏసీ భాగం). దాని వెనక, రేడియేటర్‌కి ముందు, వేలు పట్టేంత సందు ఉంటుంది. పై బ్రాకెట్లు విప్పి ఆ సందులోకి టార్చ్ వేయండి. దుమ్ము, పురుగులు, గడ్డి విత్తులు, బురద కలిసి దుప్పటిలా పరుచుకుని ఉండటం మట్టి దారుల్లో తిరిగే బండ్లలో చాలాసార్లు చూశాను. వెనక నుంచి బల్బు వెలిగించి ముందు నుంచి చూస్తే వెలుగు ఎక్కడ రావడం లేదో తెలుస్తుంది. ఇంజన్ వైపు నుంచి బయటికి, మామూలు గొట్టం నీళ్లతో కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గర పెట్టి కొడితే సన్నటి రేకులు వంగి గాలి దారులు మూసుకుపోతాయి.

లోపలి పూడిక చూడటానికి ఇంజన్‌ని పూర్తిగా వేడెక్కించి, థర్మోస్టాట్ తెరుచుకున్నాక, ఆపేసి వెంటనే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రేడియేటర్ మీద జానెడు జానెడు దూరంలో కొలుస్తూ పోండి. నీళ్లు వచ్చే వైపు నుంచి పోయే వైపుకి వేడి మెల్లగా తగ్గుతూ పోవడం మామూలు. మధ్యలో ఒక పట్టీ మాత్రం చుట్టుపక్కల కన్నా బాగా చల్లగా ఉంటే అక్కడి గొట్టాలు మూసుకున్నాయి. కొద్దిగా అయితే ఫ్లష్ చేస్తే తగ్గొచ్చు. చాలా చోట్ల ఉంటే మార్చడమే. ఎత్తులో, లోడుతో మాత్రమే వేడెక్కే పాత పికప్‌లో నేను మొదట వేలు పెట్టేది దీని మీదే.

7. థర్మోస్టాట్

ముందు విప్పకుండానే చూడండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి పై హోస్ మీద చెయ్యి ఆనించి ఉంచండి (ఫ్యాన్‌కి దూరంగా). కొన్ని నిమిషాల దాకా గోరువెచ్చగానే ఉంటుంది. తర్వాత ఒక్కసారిగా చెయ్యి పెట్టలేనంత వేడి వస్తుంది. థర్మోస్టాట్ తెరుచుకున్న క్షణం అదే. మీటరు పైకి పోతున్నా హోస్ చల్లగానే ఉంటే అది తెరుచుకోవడం లేదు, లేదా నీళ్లు తిరగడం లేదు. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ కింది హోస్ వైపు ఉంటుంది, అక్కడ ఈ మార్పు కింది హోస్‌లో చూడాలి.

అనుమానం తీరకపోతే విప్పి, నీళ్ల గిన్నెలో దారంతో వేలాడదీయండి. అడుగు తగలకూడదు. థర్మామీటర్ పక్కనే ఉంచి నెమ్మదిగా కాచండి. దాని మీద 82 అనో 88 అనో అచ్చు ఉంటుంది. రెండు మూడు డిగ్రీల తేడాలో తెరుచుకోవడం మొదలై, నీళ్లు మరిగే వేళకి పూర్తిగా తెరుచుకోవాలి. బయటికి తీస్తే గట్టిగా మూసుకోవాలి. కొత్తది కొన్నా బిగించే ముందు ఇలా ఒకసారి కాచి చూడండి. కొత్తది కదా అని నమ్మి వారం తిరిగినవాళ్లు ఉన్నారు.

పెట్టేటప్పుడు స్ప్రింగు ఇంజన్ వైపు ఉండాలి. అంచున చిన్న బెజ్జం గానీ ఆడే మేకులాంటిది గానీ ఉంటే అది పైకి రావాలి, చిక్కుకున్న గాలి అందులోంచే పోతుంది. థర్మోస్టాట్ తీసేసి ఖాళీగా నడపమని ఎవరు చెప్పినా వినకండి. ఇంజన్ సరైన వేడికి రాదు, డీజిల్ పెట్రోల్ ఎక్కువ తాగుతుంది, లోపలి అరుగుదల పెరుగుతుంది. అసలు జబ్బు మాత్రం అలాగే ఉంటుంది.

8. వాటర్ పంపు, కింది హోస్

పుల్లీ పట్టుకుని ఊపండి, ఆట ఉండకూడదు. గరగరమనే శబ్దం, 4వ మెట్టులో చెప్పిన బెజ్జం దగ్గర మరక, రెండూ పంపు మీదికే వేలు చూపిస్తాయి. బయటికి ఏమీ కనపడకుండా లోపలి రెక్కలు తుప్పుకి తినేసి ఉండటం కూడా ఉంది, ముఖ్యంగా ఏళ్ల తరబడి ఉత్త నీళ్లు పోసిన బండ్లలో. హీటర్ గాలి సరిగ్గా వేడి కాకపోవడం, ఇంజన్ మాత్రం ఉడుకుతుండటం దానికి ఒక గుర్తు.

ఇక కింది హోస్. నా పికప్ రెండు నెలలు నన్ను తిప్పింది దీంతోనే. చదును దారిలో ఏమీ లేదు, వేగం పెరిగితే ముల్లు లేచేది. ఒక మెకానిక్ వాటర్ పంపు మార్చాడు, తగ్గలేదు. ఇంకొకరు రేడియేటర్ మార్చమన్నారు. చివరికి బోనెట్ ఎత్తి, ఇంజన్ వేడిగా ఉండగా ఒకర్ని యాక్సిలరేటర్ తొక్కమని నేను పక్క నుంచి కిందికి చూస్తూ నిలబడ్డాను. రేసు పెరిగేకొద్దీ కింది హోస్ పక్కలు లోపలికి లాక్కుపోయి, స్ట్రా నొక్కినట్టు అతుక్కుపోయాయి. వదలగానే మామూలైంది. ఆగి ఉన్నప్పుడు ఎన్నిసార్లు చూసినా బాగానే కనిపించేది. పంపు నీళ్లు లాగేది ఆ హోస్ నుంచే, రబ్బరు మెత్తబడితే అలా మూసుకుంటుంది. కొన్నింట్లో అందుకే లోపల స్ప్రింగు పెడతారు, అది తుప్పు పట్టి విరిగిపోతుంది. కాబట్టి ఈ ఒక్క హోస్‌ని మాత్రం ఇంజన్ రేసు చేసి చూడండి.

9. హెడ్ గ్యాస్కెట్ పోయిందా?

అందరికీ టెన్షన్ దీని గురించే. ఒక్క గుర్తు చూసి నిర్ణయించకండి, రెండు మూడు కలవాలి.

- రాత్రంతా చల్లారిన ఇంజన్ స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే పై హోస్ రాయిలా గట్టిపడుతుంది. అంత తొందరగా వేడి వల్ల ఒత్తిడి రాదు, సిలిండర్ గ్యాసే వస్తున్నట్టు.
- చల్లటి ఇంజన్ మీద మూత తీసి స్టార్ట్ చేస్తే రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తాయి. మొదట్లో వచ్చే కొన్ని బుడగలు చిక్కుకున్న గాలి కావచ్చు, ఐదు నిమిషాలైనా తగ్గకపోతేనే లెక్క. వేడెక్కకముందే మూత పెట్టేయండి.
- వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తియ్యటి వాసనతో దట్టమైన తెల్ల పొగ.
- డిప్‌స్టిక్ మీద ఆయిల్ కాఫీ పాల రంగులో ఉండటం. ఆయిల్ మూత కింద మాత్రమే కొంచెం మీగడ ఉంటే భయపడొద్దు, చిన్న చిన్న దూరాలు తిరిగే బండిలో ఆవిరి చేరి అలా అవుతుంది.
- పెట్రోల్ ఇంజన్‌లో ప్లగ్గులన్నీ విప్పితే ఒక్కటి మాత్రం కడిగినట్టు శుభ్రంగా ఉండటం.

తేల్చుకోవడానికి కెమికల్ బ్లాక్ టెస్టర్ ఉంది. రేడియేటర్ మెడ మీద పెట్టి గాలి లాగితే, పొగలోని కార్బన్ డయాక్సైడ్‌కి నీలం ద్రవం పసుపు రంగుకి మారుతుంది. ముందు మెడలో మట్టం కొంచెం తగ్గించండి. కూలెంట్ టెస్టర్‌లోకి ఎక్కితే ఫలితం చెడిపోతుంది. డీజిల్ ఇంజన్ ఖాళీగా తిరుగుతున్నప్పుడు పొగలో ఆ వాయువు తక్కువ, కాబట్టి రంగు మారలేదని వెంటనే ఊపిరి పీల్చుకోకండి. కాసేపు రేసు పెంచి మళ్లీ చూడండి.

ఆయిల్‌లో నీళ్లు కలిసిందని తెలిస్తే బండి నడపొద్దు, లాగించుకుని పోండి. హెడ్ విప్పే పని అలవాటున్న చేతికే ఇవ్వండి. విప్పినప్పుడు హెడ్ సమంగా ఉందో లేదో తప్పకుండా కొలిపించండి. వంగిన హెడ్ కింద కొత్త గ్యాస్కెట్ నిలవదు.

10. ఇవన్నీ బాగున్నా తగ్గకపోతే

వేడి ఎక్కువ పుడుతోందేమో చూడాలి. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచే భాగం) ఉన్న పాత పెట్రోల్ ఇంజన్‌లో టైమింగ్ వెనకబడితే, అంటే ప్లగ్గు నిప్పు ఆలస్యంగా పడితే, వేడి పెరుగుతుంది. కార్బ్యురేటర్ మిశ్రమం పల్చబడినా (గాలికి పెట్రోల్ తక్కువైనా) అంతే. కొంత దూరం నడిపి ఆపాక నాలుగు చక్రాల మధ్య భాగం ఇన్‌ఫ్రారెడ్‌తో కొలవండి. ఒకటి మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే బ్రేకు పట్టేస్తోంది. బండి లాగుడు తగ్గి, రేసు ఎక్కక, వేడి కూడా పెరిగితే సైలెన్సర్ దారి మూసుకుందేమో చూపించండి. జాలీ ముందు తగిలించిన అదనపు లైట్లు, నంబర్ ప్లేట్లు కూడా గాలికి అడ్డమే.

11. మళ్లీ నింపడం, గాలి తీయడం

బాగు చేశాక కూడా వేడెక్కిందంటే చాలాసార్లు తప్పు ఇక్కడే జరుగుతుంది.

కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలపండి (ముందే కలిపి అమ్మేది అయితే అలాగే). రంగు చూసి కొనకండి, రంగుకి ప్రమాణం ఏమీ లేదు. మాన్యువల్‌లో రాసిన రకమే తీసుకోండి. రెండు రకాలు కలిపితే కొన్నిసార్లు జిగురులా గడ్డకడుతుంది.

బండి ముక్కు పైకి ఉండేలా వాలు మీద నిలపండి. హీటర్ వేడి వైపు పెట్టండి. గాలి తీసే స్క్రూ ఉంటే వదులు చేయండి, నీళ్లు బుడగలు లేకుండా వచ్చాక బిగించండి. మూత తీసి ఉంచి నెమ్మదిగా పోస్తూ, పై హోస్‌ని నొక్కి వదులుతూ ఉండండి. తర్వాత స్టార్ట్ చేసి, థర్మోస్టాట్ తెరుచుకునే దాకా కనిపెట్టుకుని ఉండండి. ఆ క్షణంలో మట్టం ఒక్కసారిగా పడిపోతుంది, పోయండి. పైకి పొంగడం మొదలైతే ఆపి మూత పెట్టండి. మాన్యువల్‌లో రాసిన లీటర్లకీ మీరు పోసినదానికీ చాలా తేడా ఉంటే గాలి ఇంకా ఉన్నట్టే.

12. తగ్గిందని ఎలా తెలుస్తుంది

ఒక్క చక్కర్ కొట్టి తగ్గిందనుకోవద్దు. అసలు ఎప్పుడు వేడెక్కేదో 1వ మెట్టులో రాసుకున్నారు కదా, ఆ పరిస్థితినే మళ్లీ తెప్పించండి. ఆగినప్పుడు వేడెక్కేదైతే ఏసీ వేసి ఇరవై నిమిషాలు నిలిపి ఉంచండి. ఎత్తులో వేడెక్కేదైతే అదే ఎత్తు, అంతే లోడుతో ఎక్కండి. ముల్లుతోపాటు ఇన్‌ఫ్రారెడ్ అంకె కూడా రాసుకోండి.

మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి మెడ దాకా ఉందో లేదో చూడండి. మొదటి రోజు కొద్దిగా తగ్గడం మామూలే, మిగిలిన గాలి బయటికి వచ్చి ఉంటుంది. నింపి, ప్లాస్టిక్ డబ్బా మీద మట్టం దగ్గర మార్కర్‌తో గీత పెట్టండి. వరసగా మూడు పొద్దుటిపూటలు ఆ గీత చూడండి. కదలకపోతే మీ పని అయిపోయింది. ప్రతిరోజూ కొంచెం కొంచెం దిగుతుంటే 4వ మెట్టుకి వెనక్కి వెళ్లి, ప్రెషర్ టెస్టర్‌ని ఈసారి పదిహేను నిమిషాలు కాదు, గంటసేపు వదిలి చూడండి.